లోపల వదిలిన గుడ్డ

4, బుధవారం

ఇందుమూలముగా ఈ ఇంటి ముందుగదిలోనూ, వెనకగదిలోనూ, ఆ రెంటి నడుమ గడప మీదా నివసించు సమస్త జీవులకు తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి గుడ్డలు కత్తిరించు కత్తెరతో ఎవరూ గోళ్ళు తీసుకోరాదు. ఇస్త్రీ చేసిన చొక్కాల దొంతర మీద పిల్లి పడుకోరాదు. పడుకున్నచో అదియును మడత పెట్టబడును. సూదిని పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడరాదు. ఏడవదలచినవారు ఇస్త్రీ బల్లకు ఎడంగా నిలబడి ఏడవవలెను, తెల్లచొక్కా మీద ఉప్పునీటి మరక ఒక పట్టాన పోదు. ఇట్లు, ఇస్త్రీ విభాగం సర్వాధికారిణి, ఏడో తరగతి తప్పినది.

రాసి గోడకు అంటిద్దామనుకున్నాను. చదివేవాళ్ళు లేరని అప్పుడు గుర్తొచ్చింది. పిల్లికి చదువు రాదు. అన్నయ్యకు వచ్చు గాని చదవడు. అందుకని దారాల కంపెనీవాడు అమ్మకిచ్చిన ఈ డైరీలో రాస్తున్నాను. అమ్మ దీన్ని తెరవనేలేదు. కొలతలన్నీ ఆవిడ తలలోనే ఉండేవి.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ పోయింది. నిన్నటితో వచ్చేవాళ్ళు రావడం, పోయేవాళ్ళు పోవడం అయిపోయింది. కుట్టేది అమ్మ, కాల్చేది కూతురు అని మా కొట్టు గురించి వీధిలో అంటారు. ఆ మాట పుట్టించింది నేనే. ఇప్పుడు కాల్చేది ఒక్కతే మిగిలింది.

పోయేముందు అమ్మ ఒక మాట చెప్పింది. మర్చిపోకుండా ఇక్కడ పెడుతున్నాను.

"బొత్తాం వస్తుంది. వస్తే తిట్టకు."

బొత్తాం మా అన్నయ్య కూతురు. అమ్మ పెంచిన పిల్ల. పోయినేడు బట్టల కంపెనీలో ఉద్యోగం వచ్చి వేరే ఊరు పోతుంటే, మొదటి రోజు వేసుకోమని అమ్మ రాత్రనక పగలనక ఒక కాలరు చొక్కా కుట్టింది. అది దాన్ని తిప్పి లోపలి కుట్లు చూసి, "ఇంత లావు కుట్లు చూస్తే అక్కడ నవ్వుతారు నానమ్మా, నీ చేతి గుడ్డలు ఇక నాకొద్దు" అంది. అమ్మ చొక్కా తీసుకుని మడతపెట్టింది. అది బస్సెక్కాక ఆ చొక్కా కుట్లు విప్పి, ఆ గుడ్డతో మా వీధి మందుల షాపాయన మనవరాలికి గౌను కుట్టేసింది. బొత్తాం ఆ తర్వాత ఇంటికి రాలేదు. అమ్మకు ఒంట్లో బాగాలేదని ఫోను చేస్తే వచ్చే సెలవుకి వస్తానంది. పోయిందని చేస్తే ఫోను పెట్టేసింది.

తిట్టకు అంది అమ్మ. సరే. తిట్టను.

5, గురువారం

ఈ రోజు ఎవరినీ ఒక్క మాట అనలేదు. మందుల షాపాయన కంగారుపడి, జ్వరమేమోనని మాత్ర ఇచ్చి వెళ్ళాడు.

6, శుక్రవారం

అన్నయ్య లారీ తోలనని మెట్టు మీద కూర్చున్నాడు. నెలకోసారి ఇంటికొచ్చి ఒక పూట ఉండే మనిషి ఇన్ని రోజులు కదలకుండా కూర్చుంటే ఇల్లు ఇరుకైపోయింది. టీ ఇస్తే తాగుతాడు. ఇవ్వకపోతే అడగడు. వాడి చొక్కాకున్న బొత్తాల్లో ఒకటి కొంచెం వేరే రంగు. దాని చరిత్ర వాడికి ఈనాటికీ తెలియదు.

వదిన పోయేటప్పటికి బొత్తాం ఇంకా పాకుతోంది. అన్నయ్య దాన్ని తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టి లారీ ఎక్కేశాడు. అమ్మకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. పిల్ల వీధిలోకి పాకిపోకుండా దాని నడుముకు ఒక గుడ్డ పట్టీ కట్టి, రెండో కొస మిషను కాలికి ముడేసేది. మిషను చప్పుడు వింటూ అది అక్కడే నిద్రపోయేది. చప్పుడు ఆగితే లేచి ఏడుపు. అందుకని కుట్టాల్సినవి అయిపోయినా అమ్మ దారం తీసేసి ఖాళీ మిషను తొక్కేది. నేను ఇస్త్రీ చేస్తూ, "గాలికి గౌను కుడుతున్నావా అమ్మా" అని వెక్కిరించేదాన్ని. "గాలి కూడా పెరుగుతుంది, లోపల కాస్త వదులుతున్నాలే" అనేది.

అదే ఆవిడ పిచ్చి. ఏ బట్ట కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేది, పిల్లలకైతే నాలుగు వేళ్ళు. పిల్లలకు వదలడం ఎవరైనా చేస్తారు. పక్కవీధి ముసలాయనకు కూడా వదిలేది. ఆయన ఏడాదికేడాదికి కుంచించుకుపోతున్నాడు, ఆయనకెందుకే అంటే, "మనిషి ఎప్పుడు పెరుగుతాడో ఎవరు చూసొచ్చారు" అనేది.

బొత్తాం సంగతి చెబుతున్నాను కదా. అలా మిషను కాలికి కట్టి ఉండగానే కింద పడ్డ చొక్కా బొత్తాం ఒకటి మింగేసింది. మేము డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. అదే బయటికి వస్తుంది, చూస్తూ ఉండండి అన్నాడాయన. అమ్మ చూస్తూనే ఉంది. వచ్చింది. అమ్మ దాన్ని వేడినీళ్ళలో వేసి, సబ్బుతో కడిగి, ఎండలో పెట్టి, మా అన్నయ్య చొక్కాకి కుట్టేసింది. బంగారంలాంటి బొత్తాం పారేస్తామా అంది. నేను నవ్వలేక కడుపు పట్టుకుని కింద కూర్చున్నాను. పిల్లకు ఆ పేరు పెట్టింది నేనే. చొక్కా చిరిగినప్పుడల్లా ఆ బొత్తాన్ని అమ్మ కొత్త చొక్కాలోకి మారుస్తూ వచ్చింది. కూతురి గుర్తు తండ్రి గుండె మీద ఉండాలని కాబోలు. లేదా పొదుపేమో. అమ్మ విషయంలో ఆ రెంటినీ విడదీయడం కష్టం.

ఈ కొంటెతనం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. నేను ఏడో తరగతిలో లెక్కల మాస్టారి కుర్చీకి జిగురు పూశాను. ఆయన లేచేసరికి ప్యాంటు వెనక భాగం కుర్చీకే ఉండిపోయింది. బడి నుంచి తీసేశారు. అమ్మ ఆ ప్యాంటు ఇంటికి తెచ్చి, రాత్రికి రాత్రి బాగుచేసి పట్టుకెళ్ళి ఇచ్చింది. దారి పొడుగునా మొహం గంటు పెట్టుకుంది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత నా చేతిలో ఇస్త్రీపెట్టె పెట్టింది. "లెక్కలు రాకపోతే మానె, మడతలు నేర్చుకో" అంది.

7, శనివారం

వచ్చింది.

పొద్దున ఇస్త్రీపెట్టె కాగుతుండగా గడపలో నీడ పడింది. తలెత్తి చూస్తే సంచీ పట్టుకుని నిలబడి ఉంది. బాగా చిక్కింది. "రా" అన్నాను. అంతకంటే పొడుగు మాట ఏదన్నా, వెనకున్నవన్నీ తోసుకుంటూ వచ్చేస్తాయని భయం. ఈ వారం రోజులుగా నిల్వచేసుకున్నవి చాలానే ఉన్నాయి.

అన్నయ్య దాన్ని చూసి మొహం గోడకు తిప్పుకున్నాడు. నేను వాడి దగ్గరికి వెళ్ళి, అమ్మ తిట్టొద్దని చెప్పి పోయిందన్నాను.

"అమ్మ అలా అందా?"

"అంది."

లేచి, దాని చేతిలో సంచీ తీసుకుని లోపల పెట్టాడు. అమ్మ బతికున్నప్పుడు కూడా వాడు ఇంత వేగంగా ఆవిడ మాట వినలేదు.

పిల్ల ముందుగదిలో అమ్మ కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంది. కుర్చీలో మాత్రం కూర్చోలేదు. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చి వెనక్కి పోయానని తనంతట తనే చెప్పింది. అక్కడ ఎవరో ముసలావిడ సంచీ సర్దుకుంటుంటే నానమ్మే అనుకుందట. చాలాసేపటికి అసలు సంగతి అడిగింది.

"నానమ్మ నన్నేమైనా అందా అత్తా? కోపంగా పోయిందా?"

"నువ్వొస్తే తిట్టొద్దంది. వచ్చాక కుర్చీలో కూర్చోబెట్టమంది."

కుర్చీ మాట బుధవారం నాడు రాయడం మర్చిపోయాను. ఆ రోజు తల సరిగ్గా లేదు.

అది కుర్చీ వైపు చూసింది. నమ్మాలని ఉన్నట్టూ ఉంది, నమ్మలేనట్టూ ఉంది. ఇద్దరం అన్నం తిన్నాం. నాకు తిట్లు అడ్డం పడి సరిగ్గా దిగలేదు.

8, ఆదివారం

బేకరీ ఆవిడ వచ్చింది. ఆవిడ కూతురి స్కూలు గౌను అమ్మ దగ్గర ఉండిపోయింది. పోయిన ఆదివారం పొద్దున అమ్మ సుద్దముక్కతో గీసి కత్తిరించింది, కుట్టు మొదలుపెట్టలేదు. ముక్కలన్నీ వరసగా చుట్టి మిషను పక్కన పెట్టింది. బడి తెరిచే రోజు దగ్గరపడింది, పోనీ ముక్కలే ఇచ్చేయండి, పిల్లకు రెడీమేడ్ కొంటాను అని ఆవిడ మొహమాటంగా అడిగింది.

కత్తెర పడిన గుడ్డను కుట్టకుండా తిరిగివ్వడం మా కొట్టులో లేదు. నాన్న చనిపోయిన వారం కూడా అమ్మ ఎవరి గుడ్డా తిరిగివ్వలేదు. కత్తిరించడమంటే మాటివ్వడమే అనేది. అందుకని ఆవిడతో, "గౌను ఎక్కడికీ పోదమ్మా. మా బొత్తామే కుట్టాలని మా అమ్మ మరీ మరీ చెప్పి పోయింది" అన్నాను.

ఇది కూడా రాయడం మర్చిపోయాను.

ఆవిడ పోయాక బొత్తాం నా మీద పడింది. కంపెనీలో తను చూసే పని వేరేనని, అక్కడ మిషన్లు వేరేనని, అయినా ఆ కుర్చీలో కూర్చునే మొహం తనకు లేదని. వినేవాళ్ళుంటే చెప్పేవాళ్ళకు లోటేమిటి. మొత్తం వినేసి, ఏనుగు సంగతి నీకు తెలుసా అన్నాను.

తెలియదు. బొత్తాం బడికి పోయే వయసులో, అది ఇంట్లో లేనప్పుడు జరిగింది. ఒకరోజు నేను మందుల షాపులోని ఫోను నుంచి ఇంటికి ఫోను చేశాను. గొంతు మార్చి, సర్కస్ కంపెనీ మేనేజరునని చెప్పాను. మా ఏనుక్కి ప్యాంటు కుట్టాలి, కుదురుతుందా అన్నాను.

"కుట్టొచ్చు బాబూ. వెనక్కాళ్ళకేనా, నాలుగింటికీనా?"

నాలుగింటికీ అన్నాను, పళ్ళు బిగబట్టి.

"పెరిగే ఏనుగా, పెరగడం అయిపోయిన ఏనుగా? లోపల వదలాలి కదా, అందుకని."

నేను నవ్వాపుకోలేక ఫోను చేత్తో మూశాను. "ఆలోచించుకుని చెప్పండి. ఈలోపు షాపాయన ఫోను ఆయనకిచ్చేసి ఇంటికి రావే, టీ చల్లారిపోతోంది" అంది.

బొత్తాం నవ్వింది. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత చెయ్యి తీసేసి నవ్వింది. మెట్టు మీద అన్నయ్య భుజాలు కూడా కదిలాయి.

9, సోమవారం

కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. నేను చూడనట్టు ఒకే చొక్కాను పొద్దుటి నుంచి ఇస్త్రీ చేశాను. ఆ చొక్కాని ఇప్పుడు నేల మీద పెడితే మనిషి లేకుండానే నిలబడుతుంది.

10, మంగళవారం

దాని చేతులు చూస్తే ముచ్చటేసింది. అమ్మ నిదానంగా కుట్టేది, మధ్యలో కబుర్లు, మధ్యలో కళ్ళజోడు తుడుచుకోవడం. ఇది అలా కాదు. గుడ్డ దానంతటదే సూది కిందకి పరిగెత్తింది. మధ్యాహ్నానికల్లా గౌను తయారైంది. మెడ, చేతులు, అంచు మడత, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నేను కూడా వెతికాను, దొరకలేదు.

కింద పడ్డ పేలికలు ఊడవబోతే చీపురు ఆగిపోయింది. నీలం గుడ్డ పట్టీలు, సన్నగా, పొడుగ్గా, బోలెడు. ఒకటి తీసి చూశాను. ఒక అంచున సుద్దగీత ఉంది. అమ్మ గీసినది. పిల్ల పెరుగుతుందని లోపల వదిలిన గుడ్డంతా ఇది కుట్టు పక్కనే నున్నగా కోసి పారేసింది.

"ఇదేమిటే" అన్నాను.

అది చూసింది. చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసింది. కత్తెర చప్పుడు కాకుండా పెట్టింది.

"చెయ్యి అలవాటు అత్తా. అక్కడ మిగిలితే దండగంటారు. నాకు తెలియకుండానే కోసేశాను."

నా నాలుక మీదికి వచ్చిన వాటిని ఇక్కడ రాస్తే పేజీ కాలిపోతుంది. తెలియకుండా అన్నావు, తెలియకుండా పోయావు, తెలియకుండా రాలేదు, ఇప్పుడు తెలియకుండా కోశావు, అన్నదే అన్నిటికంటే మెత్తనిది. నోరు తెరిచాను కూడా. తిట్టకు అంది అమ్మ. నోరు మూశాను. పళ్ళు నొప్పెట్టాయి.

అది కుర్చీలోంచి లేవలేదు. గౌనుని తిప్పి, లోపలి కుట్టు మీద వేలు పెట్టి అటూ ఇటూ రాస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"తిట్టొద్దని నానమ్మ నిజంగా అందా అత్తా? నాకోసం చెబుతున్నావా?"

"అంది."

"ఎలా అంది?"

ఎలా అందంటే ఏం చెప్పను. నాకు చిన్నప్పటి నుంచి వీధిలో ఎవరి గొంతైనా వచ్చు. పాలమ్మేవాడు, మందుల షాపాయన, లెక్కల మాస్టారు. అమ్మ గొంతు మాత్రం ఆవిడ ఎదురుగానే తప్ప ఎప్పుడూ తీయలేదు. ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టాను. అమ్మ మాట్లాడేముందు కాస్త దగ్గేది. దగ్గాను.

"అదిగో చూడు, బొత్తాం వస్తుంది. చిన్నపిల్ల, దాని నోరు దానికంటే ముందు పరిగెడుతుంది, నీ నోరులాగే. వస్తే తిట్టకే. ఆ కుర్చీలో కూర్చోబెట్టు. ఏమైనా తిన్నదో లేదో అడుగు."

గదిలో అమ్మ ఉంది. దేవుడి మీద ఒట్టు, ఒక్క క్షణం ఉంది. వెనకగది గుమ్మంలో అన్నయ్య వచ్చి నిలబడ్డాడు, చేతిలో టీ గ్లాసు వంగిపోయి టీ కారిపోతోంది. బొత్తాం కళ్ళు మూసుకుని మిషను మీద తల పెట్టి, చిన్నప్పుడు మిషను చప్పుడు ఆగితే ఏడ్చినట్టు ఏడ్చింది. ఇస్త్రీ బల్లకు ఎడంగానే ఉంది కాబట్టి నేనేమీ అనలేదు.

తర్వాత నేను వెనకగదిలోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

తిరిగి వచ్చేసరికి అది నేల మీద పట్టీలన్నీ ఏరి ఒకదానికొకటి అతుకుతోంది. అంచు మడత విప్పేసింది. అతికిన గుడ్డను వెడల్పు పట్టీగా చేసి లోపలివైపు కుట్టి, మళ్ళీ మడిచింది. బయటికి ఏమీ తెలియదు. పక్కలకు కూడా అమ్మ పేలికల సంచీలోంచి నీలం ముక్కలు వెతికి వేసింది. గౌను కొంచెం బరువెక్కింది. లోపలి కుట్లు లావుగా, ఎగుడుదిగుడుగా వచ్చాయి. కంపెనీలో చూపిస్తే నవ్వుతారు.

11, బుధవారం

బేకరీ ఆవిడ కూతురిని తీసుకొచ్చింది. పిల్ల గౌను వేసుకుని అద్దం ముందు గిర్రున తిరిగింది. గుచ్చుకుంటోందా అని బొత్తాం మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది. లేదంది పిల్ల. వచ్చే ఏడు పొట్టిదైతే తీసుకురా, విప్పుతాను అంది బొత్తాం. "నువ్వు ఉంటావా?" అని పిల్ల అడిగింది. పిల్లలకు మొహమాటం ఉండదు, అందుకే నాకు ఇష్టం.

"సెలవు రోజు ఉంటాను" అంది బొత్తాం.

కత్తెర పడిన గుడ్డలు ఇంకా అరలో ఉన్నాయి. ప్రతి సెలవుకీ వచ్చి అవి కుడుతుందట. ఉద్యోగం మానదట. మానమని నేనూ అనలేదు, నోరు ఇప్పుడిప్పుడే అదుపులోకి వస్తోంది. సాయంత్రం బస్సుకి అన్నయ్య సంచీ మోసుకుంటూ దానితో వెళ్ళాడు. వెళ్తూ దానికి చెబుతున్నాడు, మీ నానమ్మ చివరి మాట కూడా నీ గురించేనే అని. తనే చెవులారా విన్నట్టు చెబుతున్నాడు. వాడు కూడా ఇక లారీ ఎక్కుతాడట.

12, గురువారం

ఇల్లు ఖాళీ. పిల్లి, నేను.

ఇంకెవరూ చదవరు కాబట్టి సరిగ్గా రాస్తాను. ఆ చివరి ఆదివారం పొద్దున అమ్మ గౌను కత్తిరించింది. మధ్యాహ్నం నడుం నొప్పిగా ఉంది, కాస్త వాలుతానంది. గోడవైపు తిరిగి పడుకుని, "ఇస్త్రీపెట్టె ఆపావా?" అని అడిగింది. ఆపానన్నాను. ఊ అంది. నేను బట్టలు తడపడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి అంతే. అమ్మ పోతూ మాట్లాడింది ఇస్త్రీపెట్టె గురించి, నా గురించి కూడా కాదు.

బొత్తాం పేరు ఆ రోజు ఎత్తలేదు. అంతకుముందు రోజూ ఎత్తలేదు. కోపం ఉందో, మర్చిపోయిందో, పిల్లలన్నాక అంటారులే అనుకుందో, నాకు తెలియదు. కొడుకు నోటా, మనవరాలి నోటా, నా నోటా వచ్చిన ప్రతి మాటనూ ఆవిడ ఏ లోపలి కుట్టులో మడిచి పెట్టుకునేదో ఎవరూ విప్పి చూడలేదు.

కుర్చీలో కూర్చోబెట్టమనడం, గౌను అదే కుట్టాలనడం, తిన్నదో లేదో అడగమనడం, అవన్నీ తర్వాత అతికినవి. తిట్టకు అన్నది మొదటిది. అది కూడా అమ్మది కాదు. నాలుగో తేదీ బుధవారం ఈ డైరీలో నేను రాసేదాకా ఆ మాట ఎవరి నోటా లేదు. ఆ రోజు బొత్తాం మీద గుమ్మరించడానికి తిట్లన్నీ వరసగా మడతపెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. వస్తే ఒక్కటీ మిగల్చకూడదనుకున్నాను. అవన్నీ అనేస్తే అది మళ్ళీ ఈ గడప తొక్కదని కూడా తెలుసు. తెలిసినా ఆగే రకాన్ని కాదు. నా మాట నేనెప్పుడూ వినలేదు. ఈ ఇంట్లో నేను విన్నది ఒక్క మనిషి మాటే.

అందుకని అమ్మచేత చెప్పించాను.